బూటు వెతుక్కునే పాప

జూన్ 11

అన్నయ్యా,

ఫోను చేస్తే నీకు సగం మాటలు వినపడవు, మిగతా సగం వదిన నీ చెవి దగ్గర అరిచి చెప్పాలి. పైగా నేను అడగబోయేది కాగితం మీద తేలాల్సిన పని. అందుకే ఈ ఉత్తరం.

మా బడిలో ఈ ఏడాది నుంచి నాలుగేళ్ళ పిల్లలకు కూడా ఇంగ్లీషు మొదలుపెట్టారు. నా గదిలో ఇరవై రెండు మంది. గోడకు అక్షరాల పటం ఉంది. దాన్ని చూపిస్తే 'ఏ ఫర్ ఆపిల్' అని పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తారు. నిన్న నిజం ఆపిల్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, 'వాట్ ఈజ్ దిస్?' అన్నాను. ఒక్కరూ నోరు మెదపలేదు. చివరికి ఒకడు బాగా ఆలోచించి 'ఏ ఫర్' అన్నాడు. ముందు నవ్వొచ్చింది. ఇంటికి వచ్చాక ఏడుపొచ్చింది.

హెడ్మిస్ట్రెస్ గారు ఒక ట్యాబు, గోడ మీద బొమ్మ వేసే ప్రొజెక్టరు ఇచ్చారు. నెట్‌లో దొరికే కథలు వేసి చూశాను. వాటిలో గొంతు పరుగులు తీస్తుంది, బొమ్మలు మిడతల్లా గెంతుతాయి. పిల్లలు కళ్ళు విప్పార్చుకుని చూస్తారు కానీ ఒక్క మాట కూడా పట్టుకోరు. అందుకని సొంతంగా కథలు చేద్దామనుకుంటున్నాను. కథకు ఎనిమిది బొమ్మలు. బొమ్మకు ఒక్క చిన్న వాక్యం, నా గొంతుతో. 'ఈజ్ ఇట్ అండర్ ద...' అని గొంతు ఆగిపోతుంది. ఆ ఖాళీని పిల్లలు పూరించాలి. అప్పుడు కథ ముందుకు కదులుతుంది.

మొదటి కథ ఇది. పొద్దున్నే ఒక పాపకో బాబుకో ఒక బూటు కనపడదు. మంచం కింద, తలుపు వెనక, కుర్చీ మీద, బకెట్లో వెతికి, చివరికి దొరికించుకుని బడికి వెళ్ళాలి. అంతే. పాపో బాబో నీ ఇష్టం. నాకు గీత రాదని నీకు తెలుసు. నేను కుర్చీ గీస్తే పిల్లలు గుర్రం అన్నారు. నువ్వు గీసి పోస్టులో పంపితే ఇక్కడ ట్యాబుతో ఫోటో తీసి వాడుకుంటాను.

రిటైరయ్యాక ఏం తోచడం లేదన్నావుగా. తోచే పని ఇస్తున్నాను.

నీ సమాధానం కోసం గేటు వైపు చూస్తూ,
చెల్లి


జూన్ 25

చెల్లాయ్,

ముప్పై రెండేళ్ళు డ్రాయింగాఫీసులో గేర్లు గీశాను. గేరుకు ముఖం ఉండదు. ముఖం లేని వాటిని గీయడంలో ఒక సుఖం ఉంది, అవి మనకేసి తిరిగి చూడవు. నీ ఉత్తరం చదివి మూడు రోజులు పెన్సిలు ముట్టుకోలేదు. నాలుగో రోజు మంచం గీశాను. మంచం సులువు. తలుపూ కుర్చీ బకెట్టూ కూడా అయిపోయాయి. అన్నిటికీ కొలతలు సరిగ్గా వచ్చాయి, కావాలంటే వడ్రంగికి ఇచ్చి చేయించుకోవచ్చు.

మనిషిని ఆఖరున పెట్టుకున్నాను. గీస్తుంటే పాప వచ్చింది. తల దువ్వించుకోకుండా పారిపోయిన పాప.

ఎనిమిది బొమ్మలూ అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను, మడత పడకుండా. తలుపు ఎత్తు నువ్వు చెప్పలేదు. ఆరున్నర అడుగులు వేశాను. పాప ఎత్తు మూడడుగుల రెండంగుళాలు.

మీ వదినకు చూపించలేదు. మిషను ముందు కూర్చుంటే ఆవిడకు లోకం తెలియదు. చేతిలో ఒక స్కూలు మొత్తానికి యూనిఫారాలు కుట్టే పని ఉంది. పెద్ద తరగతులవే. చిన్న సైజులు ఎప్పుడూ తీసుకోదు కదా.

గోడ మీద బొమ్మలు ఎలా కనపడ్డాయో రాయి. రంగులు వెలిసిపోయినట్టు ఉంటే చెప్పు, ముదురుగా వేస్తాను.

అన్నయ్య


జూలై 6

అన్నయ్యా,

బొమ్మలు అందాయి. బల్ల మీద పరిచి చాలాసేపు చూశాను. ఎంత బాగా గీశావో చెప్పడానికి నాకు మాటలు రావడం లేదు, పంతులమ్మనై ఉండి.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నప్పుడు సామాన్లగదిలో తలుపు మూసుకుని గొంతు రికార్డు చేశాను. మూడుసార్లు ఆయా వచ్చి చీపురు అడిగింది. రెండో పేజీలో జాగ్రత్తగా వింటే ఆవిడ దగ్గు కూడా వినపడుతుంది.

నిన్న కథ వేశాను. కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశాను. పిల్లలు బాగానే నవ్వారు. 'అండర్ ద...' అని ఆపితే ఐదారుగురు 'బెడ్' అన్నారు. ఆపిల్ రోజుతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. ఒక్క పాప మాత్రం మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చుంది. చేరిన రోజు నుంచి ఆ పిల్ల ఏ భాషలోనూ మాట్లాడలేదు. ఆయా దానికి మౌనమ్మ అని పేరు పెట్టింది.

ఒక చిన్న మార్పు చేశాను, ఏమీ అనుకోవు కదా. పాప ముఖం తీసేసి పిల్లిపిల్ల ముఖం పెట్టాను. ట్యాబులో అలా అతికించవచ్చు. ఈ వయసు వాళ్ళకు జంతువులంటే ఇష్టం కదా అని. ఒళ్ళంతా నువ్వు గీసిందే, ముఖం మాత్రమే మారింది.

రెండో కథకు ఒక గొడుగు, ఒక బస్సు కావాలి. వివరాలు వెనక పేజీలో రాశాను.

చెల్లి


జూలై 20

చెల్లికి,

ఉత్తరం అందింది. పిల్లి బాగుండి ఉంటుంది.

గొడుగు, బస్సు గీయడం నా వల్ల కాదు. కళ్ళు లాగుతున్నాయి. జంతువులు కావాలంటే బాగా గీసేవాళ్ళు మీ ఊళ్ళోనే దొరుకుతారు. నా బొమ్మలు వెనక్కు పంపనక్కర్లేదు.

ఇట్లు,
అన్నయ్య


ఆగస్టు 3

అన్నయ్యా,

నీకు కోపం వచ్చింది. 'ఇట్లు' అని నువ్వు సంతకం పెట్టింది నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. బ్యాంకు వాళ్ళకు రాసినట్టుంది.

తప్పు నాదే. నీ ఆఫీసులో ఒకరి డ్రాయింగు మీద ఇంకొకరు గీత గీస్తే సంతకాల దాకా వెళ్ళేదని నువ్వే చెప్పేవాడివి. అడగకుండా దిద్దాను. కథ చివర నీ పేరు పెద్ద అక్షరాల్లో వేస్తాను. ఇక మీదట నిన్ను అడగకుండా చుక్క కూడా మార్చను.

నాకు నీ బొమ్మలు కావాలి అన్నయ్యా. సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన తల్లిదండ్రులు వస్తారు. 'పిల్లల నోటి నుంచి ఇంగ్లీషు వినపడాలి. వినపడకపోతే ట్యాబు బీరువాలోకి వెళ్తుంది, మీరు పాత పుస్తకం పట్టుకోండి' అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. పాత పుస్తకంలో మొదటి పేజీలోనే ఆపిల్ ఉంది.

మొన్న వదిన ఫోను చేసింది. బొమ్మల సంగతి నేను ఎత్తలేదు. తనకు తెలియకపోవడమే మంచిదని నాకూ అర్థమైందిలే.

క్షమించమని అడుగుతూ,
చెల్లి


ఆగస్టు 17

చెల్లాయ్,

నీకు అర్థమైందన్నావు. అర్థమయ్యే ఆ ముఖం తీసేశావన్నమాట. నేనూ అదే అనుకున్నాను. డ్రాయింగు దిద్దినందుకు కోపం రావడానికి నేనేమన్నా ఇంకా ఆఫీసులో ఉన్నానా?

అది ఎవరో నీకు చూడగానే తెలిసింది. నాకూ గీస్తుండగానే తెలిసింది. కావాలని గీయలేదు. ముందు జుట్టు వచ్చింది, తర్వాత గౌను, దానికి మిగతా వాటితో కలవని ఎర్ర బొత్తం, ఆ తర్వాత ముఖం. ఇరవై ఆరేళ్ళుగా దాని కళ్ళు గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. ప్రతి ఏడూ కొంచెం కొంచెం చెరిగిపోతున్నాయి. బూటు వెతికే పిల్లను గీయమని నువ్వు అడిగితే అవి వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. కాగితం మీద నా కూతురు నాకేసి చూసింది.

ఎందుకమ్మ. ఇన్నేళ్ళ తర్వాత ఈ మాట రాస్తున్నాను. ప్రతిదానికీ 'ఎందుకూ' అని ప్రాణం తీసేది, అందుకని నేనే పెట్టాను ఆ పేరు. మూడు రోజుల జ్వరం. అప్పటికి దానికి నాలుగేళ్ళ ఒక నెల.

మేము ఆసుపత్రి నుంచి ఉత్తి చేతులతో వచ్చేసరికి ఇంట్లో దాని వస్తువు ఒక్కటి లేదు. గౌన్లు లేవు, ఫోటోలు లేవు, పలక లేదు. అన్నీ మూటగట్టింది నువ్వు. అప్పుడు నీకు ఇరవై రెండేళ్ళు, ఎవరో పెద్దవాళ్ళు చెప్పి ఉంటారని ఊరుకున్నాను. ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మళ్ళీ ముఖం కోసి పిల్లిని పెట్టావు. ఇప్పుడెవరు చెప్పారు నీకు?

మీ వదిన ముందు ఆ పేరు ఎత్తితే తట్టుకోలేదని ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాను. కనీసం నీ దగ్గరైనా అది ఉందనుకున్నాను.

అన్నయ్య


ఆగస్టు 27

అన్నయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండో పేజీ దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను.

ముఖం విషయంలో తప్పు చేశాను. చూడగానే అది ఎవరో తెలిసిపోయింది. నీకు తెలియకుండానే నీ చెయ్యి గీసేసిందేమో, రేపు నువ్వే గమనిస్తే ఏమైపోతావో అనుకున్నాను. నీకు నొప్పి తగలకూడదని చేశాను. నీకు తగిలిన నొప్పి నేనే అయ్యాను.

కానీ మూట సంగతి వేరు. ఇది చెప్పనని మాటిచ్చాను. ఇవాళ తప్పుతున్నాను. ఆ రోజు ఆసుపత్రి వరండాలో నువ్వు కాగితాల మీద సంతకాలు పెడుతున్నప్పుడు వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 'ముందు నువ్వు ఇంటికి వెళ్ళు. మీ అన్నయ్య వచ్చేసరికి దాని వస్తువు ఒక్కటీ కంటపడకూడదు. చూస్తే ఆ మనిషి బతకడు' అంది. నా చేతి మీద గోళ్ళ గుర్తులు రెండు రోజులు పోలేదు. పారేయడానికి నాకు చేతులు రాలేదు. నా పెట్టెలో దాచాను. ఏడాది తర్వాత వదిన ఒక్కతే వచ్చి ఆ మూట తీసుకెళ్ళింది. ఫోటోలతో సహా. అవి మీ ఇంట్లోనే ఎక్కడో ఉన్నాయి అన్నయ్యా. ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

ఇంకో సంగతి. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పిల్లిని తీసేశాను. నువ్వు గీసిన ముఖంతోనే కథ మళ్ళీ వేశాను. పిల్లి ఉన్నప్పుడు నవ్వారు. ఇప్పుడు వెతికారు. నిజంగా వెతికారు. ఇద్దరు లేచి మా గది తలుపు వెనక కూడా చూసి వచ్చారు. 'ఈజ్ ఇట్...' అని గొంతు ఆగిందో లేదో, వెనక నుంచి 'అండర్!' అని ఎవరో అరిచారు. తిరిగి చూస్తే మౌనమ్మ. లేచి నిలబడి గోడ వైపు వేలు చూపిస్తోంది. మూడు నెలల్లో ఆ పిల్ల నోట మేము విన్న మొదటి మాట అది. ఆయా చీపురు కింద పడేసింది.

కథ అయ్యాక 'వాట్ ఈజ్ హర్ నేమ్?' అన్నారు పిల్లలు. ఈ ప్రశ్న నేనే నేర్పాను, రోజూ ఒకరినొకరు అడుగుతారు. వాళ్ళ నాన్నను అడిగి చెప్తానన్నాను.

ఏం చెప్పమంటావు?

చెల్లి


సెప్టెంబరు 9

చెల్లాయ్,

నీ ఉత్తరం చదివి అడగడానికి వంటింటి దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వెనక్కు వచ్చాను. ఇలా రెండు రోజులు. ఇరవై ఆరేళ్ళు అడగని మనిషి ఏ మాటతో మొదలుపెడతాడు?

మూడో రోజు మధ్యాహ్నం మీ వదిన ఫోను నా చేతికిచ్చి, 'మీ చెల్లెలు ఏదో వీడియో పంపింది, మీకు చూపించమంది' అంది. నాకు నువ్వు ఒక్క మాట ముందు చెప్పి ఉండాల్సింది. సరేలే. నేనొక్కడినే చూడకుండా ఫోను మిషను బల్ల మీద ఆనించి కథ పెట్టాను. నాకు నీ గొంతు వినపడలేదు, బొమ్మలు మారడం మాత్రం చూశాను. మీ వదిన చేతిలో కత్తెర ఉంది. రెండో బొమ్మ దగ్గర కత్తెర కింద పెట్టింది. ఎనిమిది బొమ్మలూ అయ్యేదాకా ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

'ఎవరు గీశారు?' అంది.

'నేనే.'

'బొత్తం ఎర్రది కాదు. నీలం.'

నాకు వినపడాలని రోజంతా గట్టిగా మాట్లాడే మనిషి, ఆ మాట గొంతులోనే అంది. అయినా నాకు వినపడింది.

'ఎర్రదే' అన్నాను. 'నాకు బాగా గుర్తు.'

'తెల్లవి అయిపోయి నీలం కుట్టాను. ఎందుకు కుట్టావని రోజంతా నా వెనకే తిరిగింది.'

లేచి బట్టల తానుల వెనక చెయ్యి పెట్టి మూట తీసింది. నేను రోజూ ఆనుకుని పేపరు చదివే గోడ అది. ముడి విప్పడానికి ఇద్దరికీ చాలాసేపు పట్టింది. గౌను బయటికి వచ్చింది. నీలం బొత్తమే. ఆ తర్వాత ఏం జరిగిందో రాయలేను, నువ్వు ఊహించుకో.

'మీరు మర్చిపోయారనుకున్నాను' అంది ఆఖరికి. 'మర్చిపోయి ఎలాగో బతుకుతున్న మనిషిని నేనెందుకు కదిలించాలి అనుకున్నాను.'

నేనూ ఆవిడ గురించి సరిగ్గా అదే అనుకున్నానని చెప్పాను. ఒకే ఇంట్లో, ఒకే పిల్ల కోసం, చెరో గదిలో ఏడ్చాం.

నీ మీద కోపం పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధం. చాలావరకు పోయింది. మిగిలింది నువ్వు వచ్చినప్పుడు తిడతాను.

ఫోటోలు చూసి కళ్ళు సరిచేశాను. రెండు బొమ్మల్లో కొంచెం పెద్దవిగా వేశాను. కొత్తవి పంపుతున్నాను, నీలం బొత్తంతో. గొడుగూ బస్సూ కూడా.

అన్నయ్య

అమ్మాయ్, ఈ నాలుగు ముక్కలు నేను రాస్తున్నాను. మాట తప్పినందుకు నిన్ను ఏమీ అనను. పిల్లలకు దాని పేరు చెప్పు. అన్నిటికీ ఎందుకని అడిగేది కాబట్టి ఎందుకమ్మ అయిందని చెప్పు, నవ్వుతారు. ఎక్కడుందని అడిగితే మాత్రం ఊరెళ్ళిందనీ పడుకుందనీ అబద్ధాలు చెప్పకు. ఇరవై ఎనిమిదికి నేను వస్తున్నాను. ఆ మాట నేను చెప్తాను. మీ వదిన.


సెప్టెంబరు 29

అన్నయ్యా,

వదినను ఇప్పుడే రైలెక్కించి వచ్చి రాస్తున్నాను. ఈ ఉత్తరం కంటే తనే ముందు చేరుతుంది. అయినా తను చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి.

నిన్న పొద్దున తల్లిదండ్రులతో గది నిండిపోయింది. ప్రొజెక్టరు వెలిగింది. నా గొంతు తీసేసి బొమ్మలు మాత్రమే వేశాను. కథ మొత్తం పిల్లలే చెప్పారు. 'హర్ నేమ్ ఈజ్ ఎందుకమ్మ' అని మొదలుపెట్టి, 'షి ఈజ్ గోయింగ్ టు స్కూల్' దాకా. మధ్యలో ఒకడు 'బిహైండ్ ద బకెట్' అన్నాడు. మిగతా వాళ్ళంతా 'నో నో, ఇన్! ఇన్!' అని వాడి మీద పడ్డారు. అక్షరాల పటంలో లేని ఆ కేకలు విని హెడ్మిస్ట్రెస్ గారు తల వంచుకుని ఏదో రాసుకున్నారు. ఒక తండ్రి లేచి 'కథలు సరే, రాయడం ఎప్పుడు నేర్పుతారు?' అన్నాడు. అన్ని మనసులూ గెలిచానని చెప్పను. ఈ ఏడాదికి ట్యాబు నా దగ్గరే ఉంటుంది. వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూద్దామన్నారు.

వదిన వెనక గోడకు ఆనుకుని నిలబడే ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

పెద్దవాళ్ళు వెళ్ళాక పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి, ఈవిడ ఎందుకమ్మ వాళ్ళ అమ్మ అని చెప్పాను. ఇరవై రెండు తలలు ఒక్కసారి తిరిగాయి. 'వేర్ ఈజ్ ఎందుకమ్మ?' అన్నారు. మనం అనుకున్నదే. నేను వదిన వైపు చూశాను.

వదిన వాళ్ళ ఎదురుగా చాప అంచు మీద కూర్చుంది. 'దానికి జ్వరం వచ్చింది. డాక్టర్లు చాలా కష్టపడ్డారు. తగ్గలేదు. చచ్చిపోయింది. అప్పుడు దానికి మీ అంతే, నాలుగేళ్ళు' అంది. చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

ఎవరూ ఏడవలేదు. వాళ్ళు ఆలోచించారు. ముందు వరసలో ఒక పిల్ల 'ఐ యామ్ ఫోర్' అంది. ఆ పక్క పిల్లాడు 'ఐ యామ్ ఫోర్' అన్నాడు. అలా వరసగా అందరూ. హాజరు పిలిచినట్టుంది. మౌనమ్మ వంతు వచ్చేసరికి అది పక్కకు జరిగి చాప మీద కొంచెం చోటు చేసి, అరచేత్తో దాని మీద తట్టింది. 'షి కెన్ సిట్' అంది. కెన్ అనే మాట నేను ఒకే ఒక్కసారి నేర్పాను అన్నయ్యా, బస్సు కథలో.

వదిన లేచి వెళ్ళి ఆ చోట కూర్చుంది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా కదలలేదు. మౌనమ్మ తన భుజానికి ఆనుకుని నిద్రపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కి, లేవడానికి ఆయా ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఇది తను చెప్పదు.

ఇవాళ స్టేషనులో రైలు కదిలే ముందు కిటికీలోంచి నన్ను పిలిచింది. 'మీ అన్నయ్యకు రాయి. నేను చెప్తే ఇద్దరికీ మాట పెగలదు. కొత్త కథ మొదలుపెట్టమను. ఈసారి దాన్ని ఐదేళ్ళ పిల్లను చేసి గీయమను' అంది.

ఐదేళ్ళ పిల్ల ఎంత ఎత్తు ఉంటుందో నీకు కొలత కావాలి కదా. సోమవారం మా పక్క గది పిల్లల్ని గోడకు నిలబెట్టి కొలిచి పంపిస్తాను. మొదటి పేజీకి వాక్యం మాత్రం ఇప్పుడే రాసేస్తున్నాను.

షి ఈజ్ ఫైవ్.

చెల్లి